నలభైమంది కలిసి ‘నేను’ అంటే: అమెరికన్ క్వయర్ సంగీతంలో మనవాళ్లెవరు?

2019 జనవరిలో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి 146 మంది స్త్రీలు, బాలికలు పాడారు. జూలియా వూల్ఫ్ స్వరపరచిన ‘ఫైర్ ఇన్ మై మౌత్’కి అది తొలి ప్రదర్శన. హాలు నింపడానికి అంతమంది అక్కర్లేదు, తర్ఫీదు ఉన్న గొంతులు ఓ అరవై చాలు. అయినా 146 మందినే నిలబెట్టారు. 1911 మార్చి 25న న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ కుట్టు ఫ్యాక్టరీ తగలబడినప్పుడు చనిపోయినవాళ్లు 146 మంది కాబట్టి. వాళ్లలో ఎక్కువమంది యూదు, ఇటాలియన్ వలస కుటుంబాల ఆడపిల్లలు. మెట్లవైపు తలుపుకు తాళం వేసి ఉండటంతో చాలామంది లోపలే చిక్కుకుపోయారు. వూల్ఫ్ రచనలో గాయనులు యిద్దిష్‌లో, ఇటాలియన్‌లో పాడతారు, చేతుల్లో కత్తెరలు లయకు ఆడిస్తారు, అమెరికా వాళ్లలా మాట్లాడాలని, అమెరికా వాళ్లలా కనిపించాలని ఆశపడతారు. చివరి భాగంలో చనిపోయినవాళ్లందరి పేర్లూ వినిపిస్తాయి.

146 అన్న లెక్క శ్రోత చెవికి తెలియదు, కంటికి తెలుస్తుంది. ‘మేమెవరం, మాలో ఎవరికి చోటుంది’ అన్న ప్రశ్నను అమెరికన్ క్వయర్ సంగీతం పాటలోని మాటలతో కంటే ఇలాంటి ఏర్పాట్లతోనే ఎక్కువగా తేలుస్తుంది. ఎంతమంది పాడాలి, ఎవరు ఎవరికి ఎదురుగా నిలబడాలి, ఏ యాస పలకాలి, ‘నేను’ అన్న మాట ఏ గొంతుకు ఇవ్వాలి అన్నవే అసలు నిర్ణయాలు. గట్టి రచనలు నిలబడేదీ, మంచి ఉద్దేశంతో మొదలైనవి కూలబడేదీ ఇక్కడే.

ముందు ఈ క్వయర్ ఎలా ఉంటుందో కాస్త తెలియాలి. మన గోష్ఠిగానంలో వందమంది ఉన్నా అందరిదీ ఒకే వరస. అమెరికన్ క్వయర్‌లో మామూలుగా నాలుగు వరసలు ఒకేసారి నడుస్తాయి: ఆడగొంతుల్లో పైవి సొప్రానో, కిందివి ఆల్టో, మగగొంతుల్లో పైవి టెనర్, కిందివి బాస్. సొప్రానోలు మిడిల్ సి (పియానో నడుమనుండే ‘సి’ స్వరం) నుంచి దాదాపు రెండు స్థాయిల పైదాకా పాడితే, ఆల్టోలు మిడిల్ సి కింది జి నుంచి పైన డి, ఇ దాకా పాడతారు. టెనర్లు మిడిల్ సికి ఒక స్థాయి కింద మొదలై దాని పైనున్న ఎ వరకు వెళ్తారు. బాస్‌లు టెనర్ల కింది సి కన్నా ఇంకో ఐదారు స్వరాలు దిగుతారు. స్కూళ్లు, కాలేజీలు, చర్చిలు, ఊరి బృందాలు అన్నీ కలిపి 5.4 కోట్ల మందికి పైగా అమెరికన్లు బృందాల్లో పాడుతున్నారని కోరస్ అమెరికా సంస్థ 2019 అధ్యయనం లెక్కగట్టింది. వరసలు నాలుగు ఉన్నాయి కాబట్టే ఎవరు ఏ వరసలో, ఎవరి కింద, ఎవరి పైన అన్నది ముఖ్యమవుతుంది.

ఫిస్క్ విద్యార్థులు చేసుకున్న బేరం

అంతర్యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1866లో, టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కోసం ఫిస్క్ స్కూలు మొదలైంది. ఐదేళ్లు తిరిగేసరికి అప్పుల్లో మునిగింది. స్కూలు కోశాధికారిగా ఉంటూ సంగీతం కూడా నేర్పే జార్జ్ వైట్ అనే తెల్లజాతి ఆయన తొమ్మిదిమంది విద్యార్థుల్ని తీసుకుని 1871 అక్టోబర్ 6న విరాళాల యాత్రకు బయల్దేరాడు. వాళ్లలో చాలామంది బానిసలుగా పుట్టినవాళ్లే. పియానో వాయిస్తూ బృందాన్ని తీర్చిదిద్దింది ఎల్లా షెపర్డ్.

మొదట్లో వాళ్లు ఎక్కువగా పాడింది యూరోపియన్ తరహా పాటలు. తల్లిదండ్రులు పొలాల్లో, రహస్యపు ప్రార్థనల్లో పాడుకున్న స్పిరిచ్యువల్స్ అనే భక్తిపాటల్ని టికెట్ కొన్న జనం ముందు పాడటానికి వాళ్లకు మనసొప్పలేదు. అవి పవిత్రమైనవి, పైగా తడిమితే నొప్పెట్టే జ్ఞాపకాలు. ఆ జనానికేమో నల్లవాళ్ల పాట అంటే తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని చేసే మిన్‌స్ట్రెల్ వెక్కిరింతలే తెలుసు. 1871 నవంబర్‌లో ఓహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్‌లో, చర్చి ప్రతినిధుల సభలో, ‘స్టీల్ అవే’ని మెల్లగా ఎత్తుకోగానే హాలు నిశ్శబ్దమైపోయింది. యాత్ర దారి అక్కడే మారింది. జూబిలీ సింగర్స్ అన్న పేరు పెట్టుకున్నదీ ఓహాయోలోనే. లేవీయకాండం 25వ అధ్యాయంలో బానిసలకు విడుదల దొరికే సునాద సంవత్సరమే ఆ జూబిలీ. మొదటి యాత్రలో 20,000 డాలర్లు చేతికొచ్చాయి. 1873లో విక్టోరియా రాణి ముందు పాడారు. యాత్రల డబ్బుతో కట్టిన జూబిలీ హాల్ 1876లో సిద్ధమైంది, ఇప్పటికీ ఫిస్క్ యూనివర్సిటీలో నిలిచి ఉంది.

బేరం జరిగింది సంగీతంలో. పొలంలో ఆ పాటకు గీత గీసిన వరసలుండవు. ఒకరు ఎత్తుకుంటే తక్కినవాళ్లు తమ గొంతుకు అందిన చోట కలుస్తారు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతారు, పాదం నేలకు కొడతారు. ఫిస్క్ బృందం దాన్ని నాలుగు వరసల్లో సర్ది, అతి సన్నని ఎత్తుగడతో కచేరీ సంగీతంగా నిలబెట్టింది. 1872లో థియోడర్ సీవర్డ్ ఈ పాటలకు నొటేషన్ రాస్తూ, సగానికి పైగా పాటల్లో నాలుగో స్వరం, ఏడో స్వరం లేవని గమనించాడు. మన లెక్కలో స రి గ ప ద, అంటే మోహన. నొటేషన్‌కు అందింది అది. గొంతు జారుడు, స్వరానికీ స్వరానికీ మధ్యనుండే మెలిక కాగితం మీదికి రాలేదు. మర్యాద దొరికింది, గరుకుదనం పోయింది. ఈ మార్పిడి చేసుకోకపోతే ఆ పాటల్లో చాలావాటిని ఇవాళ వినే అవకాశమే ఉండేది కాదు. అలాగని అచ్చులో ఉన్నదే పాట అనుకుంటే అది అసలు పాటలో సగమే.

ఆ అచ్చును తర్వాతి తరాలు తమ చేతుల్లోకి తీసుకున్నాయి. న్యూయార్క్‌లో చెక్ స్వరకర్త డ్వోర్‌జాక్‌కు ఈ పాటలు పాడి వినిపించిన హ్యారీ బర్లీ వాటిని కచేరీ గీతాలుగా మలిచాడు. నెథానియల్ డెట్ 1914లో ‘లిజన్ టు ద లాంబ్స్’తో స్పిరిచ్యువల్ పలుకుల్ని పెద్ద కోరస్ రచనగా పెంచాడు. విలియం డాసన్ టస్కీగీ ఇన్‌స్టిట్యూట్ క్వయర్‌ని 1932లో న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్ ప్రారంభోత్సవానికి తీసుకెళ్లాడు. న్యూ ఆర్లీన్స్‌కు చెందిన మోజెస్ హోగన్ 2003లో నలభై ఐదేళ్లకే చనిపోయేలోగా చేసిన అరేంజ్‌మెంట్లు, అంటే పాత పాటలకు కట్టిన కొత్త వరసలు, ఇవాళ ప్రపంచంలో క్వయర్ అన్న ప్రతిచోటా వినిపిస్తున్నాయి.

తప్పేదెక్కడ

స్పిరిచ్యువల్ పాడటంలో మొదటి చిక్కు యాస. అచ్చులో ఇంగ్లిష్ ‘ద’ (the)కు బదులు ‘డ’ (de) అని, ‘హెవెన్’ని ‘హెవ్‌న్’ అని రాసి ఉంటుంది. కొన్ని బృందాలు సిగ్గుపడి దాన్ని పుస్తకాల ఇంగ్లిష్‌లోకి దిద్దేస్తాయి. అప్పుడు అక్షరాల బరువు మారి లయ కుంటుతుంది. కొన్ని బృందాలు ఉత్సాహంగా రాయని చోట్ల కూడా యాస తగిలిస్తాయి. అది నేరుగా మిన్‌స్ట్రెల్ వెక్కిరింతలోకి జారిపోతుంది. ఆచరణలో నిలబడే నియమం చిన్నదే: అరేంజర్ రాసింది రాసినట్టు పలకాలి, రాయనిది కలపకూడదు, నలభైమందీ ఒకేలా పలకాలి. హల్లు ముందు ‘డ’, అచ్చు ముందు ‘డి’ అని మొదటి రిహార్సల్లోనే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే ఆరో రిహార్సల్లో తగాదా ఉండదు. ‘ర్’ని నాలుకతో దొర్లించడం ఇటాలియన్ పాటకు అలవాటైన గొంతుల జబ్బు. ఇక్కడ అది అసలు పనికిరాదు.

రెండోది లయ. సింకొపేషన్, అంటే దెబ్బ తప్పించి ఊనిక పడే లయ, ఉన్న చోట బృందం తొందరపడుతుంది, ఎందుకంటే దెబ్బ పడని చోట మొదలుపెట్టడానికి భయపడి ముందే ఎత్తుకుంటుంది. రెండో, నాలుగో దెబ్బలకు చప్పట్లు కొడుతూ, స్వరం లేకుండా మాటలు మాత్రమే లయలో పలికిస్తే రెండు రిహార్సళ్లలో కుదురుతుంది. చప్పట్లు రిహార్సల్‌కే. వేదిక మీద కొడితే పాట గాస్పెల్ వేషం వేసుకుంటుంది. గాస్పెల్ వేరు, స్పిరిచ్యువల్ వేరు. గాస్పెల్ ఇరవయ్యో శతాబ్దపు నగరాల చర్చిల్లో పియానో, ఆర్గాన్, డ్రమ్స్ మధ్య పెరిగింది. స్పిరిచ్యువల్ అంతకు ముందుది, వాద్యం అడగదు. ఈ రెంటినీ ఒకే సంచిలో వేసి పాడటం సామాన్యంగా జరిగే తప్పు.

వాద్యం లేదు కాబట్టి శ్రుతి జారుతుంది. ఐదు నిమిషాల పాటలో అరస్వరం దిగడం మామూలే. ఒకే స్వరం మీద మాటలు వరసగా వచ్చే చోట, స్వరం మెట్లు దిగే చోట, హాలు ఉక్కగా ఉన్నప్పుడు ఎక్కువ దిగుతుంది. రిహార్సల్లో అప్పుడప్పుడూ అరస్వరం పైన శ్రుతి ఇచ్చి పాడిస్తే గొంతు కొత్త చోట పడి సర్దుకుంటుంది. హోగన్ అరేంజ్‌మెంట్లలో వరసలు చీలి ఎనిమిదయ్యే చోట్లు ఉంటాయి. వరసకు కనీసం ముగ్గురు, అంటే 24 మంది లేకుండా వాటికి దిగితే ముగింపు కార్డ్‌లలో, అంటే కలిసి మోగే స్వరాల గుంపుల్లో, మధ్య స్వరాలు మాయమై, పైనా కిందా మాత్రమే మిగులుతాయి.

ఇవన్నీ సరిచేసుకున్నా ఒక పాత అలవాటు మాత్రం మిగిలే ఉంటుంది. గంటన్నర కచేరీలో బాఖ్, బ్రామ్స్ అయ్యాక, చివర్లో జనాన్ని లేపి నిలబెట్టడానికి ఒక హుషారైన స్పిరిచ్యువల్. దాదాపు ప్రతి కాలేజీ క్వయర్ కార్యక్రమంలో కనిపించే ఈ వరస గౌరవంలా అనిపిస్తుంది గానీ, భోజనం అయ్యాక వేసే తాంబూలం చోటే ఆ పాటకు ఇస్తోంది. దాన్ని కార్యక్రమం నడిమధ్యలో, ముందూ వెనకా సాటి బరువున్న రచనల మధ్య పెడితే శ్రోత వినే తీరే మారుతుంది. నల్లజాతి స్వరకర్తలు స్పిరిచ్యువల్స్ కాని సంగీతం బోలెడు రాశారు, దాన్నీ పాడాలి. నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డూబాయిస్ వచనానికి మార్గరెట్ బాండ్స్ స్వరపరచిన ‘క్రెడో’ దశాబ్దాల పాటు అచ్చుకు నోచుకోక ఇటీవలే బయటికొచ్చింది.

నడిమధ్య చతురస్రం

ఏర్పాటే అర్థమవడానికి సేక్రెడ్ హార్ప్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1844లో జార్జియాకు చెందిన బి.ఎఫ్. వైట్, ఇ.జె. కింగ్ తెచ్చిన ఈ పాటల పుస్తకంలో స్వరాలకు ఆకారాలుంటాయి: ఫా త్రికోణం, సోల్ గుండ్రం, లా చతురస్రం, మి వజ్రం. పాడేవాళ్లు నాలుగు వైపులా లోపలికి ముఖాలు పెట్టి కూర్చుంటారు, ఒక్కో వైపు ఒక్కో వరస. మధ్యలో ఖాళీ. అక్కడ నిలబడినవాళ్లు పేజీ నంబరు చెప్పి పాట నడిపిస్తారు. ముందు ఆకారాల పేర్లతో ఒకసారి పాడి, తర్వాతే సాహిత్యం ఎత్తుకుంటారు. గీతం నేర్చుకునేటప్పుడు స్వరం అయ్యాక సాహిత్యం వచ్చినట్టే. అసలు వరస టెనర్లది. గొంతు సన్నగా, గట్టిగా, దాపరికం లేకుండా వస్తుంది. శ్రోతలంటూ ఎవరూ ఉండరు. పదేళ్ల పిల్ల మధ్యకొచ్చి చెయ్యి ఆడించినా అందరూ ఆ చెయ్యి చూసే పాడాలి, ఆ పేరు కార్యదర్శి మినిట్స్‌లోకి ఎక్కాల్సిందే. ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లు చదివి వాళ్ల కోసం ఒక పాట పాడతారు.

ఇంత విశాలంగా కనిపించే చతురస్రానికీ గోడలుండేవి. అలబామాలో నల్లజాతి గాయకులు తమ గోష్ఠులు తాము నడుపుకున్నారు. 1934లో ఓజార్క్‌లో జడ్జ్ జాక్సన్ ‘కలర్డ్ సేక్రెడ్ హార్ప్’ అనే పుస్తకం వేశాడు. జడ్జ్ అన్నది ఆయన పేరే, హోదా కాదు. ఇవాళ ఈ గోష్ఠులు న్యూ ఇంగ్లండ్, షికాగోల్లోనే కాక ఐర్లండ్, పోలండ్‌లలో కూడా జరుగుతున్నాయి. దేవుడి మీద నమ్మకం లేనివాళ్లు కూడా వచ్చి గొంతు చించుకుంటారు.

సిటీ హాల్ మెట్ల మీద

శాన్‌ఫ్రాన్సిస్కో గే మెన్స్ కోరస్ తొలి రిహార్సల్ 1978 అక్టోబర్ 30న జరిగింది. పేరులోనే ‘గే’ అని పెట్టుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు, ఆ పేరున్న కాగితంలో పేరు కనిపిస్తే ఉద్యోగం పోయే కాలం. సరిగ్గా నాలుగు వారాలకు, నవంబర్ 27న, నగర పాలకమండలి సభ్యుడైన గే నాయకుడు హార్వీ మిల్క్‌నీ మేయర్ జార్జ్ మాస్కోనీనీ కాల్చి చంపారు. ఆ రాత్రి కొవ్వొత్తుల ఊరేగింపు సిటీ హాల్ దగ్గరికి చేరేసరికి ఈ బృందం మెట్ల మీద నిలబడి మెండెల్సన్ కీర్తన ఒకటి పాడింది. బయటి జనం ముందు వాళ్లు పాడటం అదే మొదటిసారి. 1981లో దేశమంతా తిరిగారు. 1983లో న్యూయార్క్‌లో ఇలాంటి బృందాల తొలి ఉత్సవం జరిగింది. అప్పటికే ఎయిడ్స్ వచ్చిపడింది. 1993లో తీసిన ఫోటో ఒకటి ఉంది: నల్ల దుస్తుల్లో వెనుదిరిగి నిలబడ్డవాళ్లు చనిపోయిన సభ్యులకు గుర్తు, తెల్ల చొక్కాల్లో ముందుకు చూస్తున్న కొద్దిమందే మొదటి తరంలో మిగిలినవాళ్లు. 2017లో ఈ బృందం ఓక్లాండ్ ఇంటర్‌ఫెయిత్ గాస్పెల్ క్వయర్‌ని వెంటబెట్టుకుని మిసిసిపీ, అలబామా, టెనెసీ, కరోలినాల్లో పాడుతూ తిరిగింది.

మగగొంతుల బృందానికి టెనర్ వరసలు రెండు, బాస్ వరసలు రెండు. మొత్తం సంగీతం రెండున్నర, మూడు స్థాయిల్లో ఇరుక్కుంటుంది. స్వరాలు కింద దగ్గరదగ్గరగా పడితే మందంగా, బురదగా వినిపిస్తుంది. అందుకే రెండు బాస్ వరసల మధ్య కనీసం ఐదు స్వరాల దూరం ఉంచి, ఒత్తైన కార్డ్‌లని మిడిల్ సి చుట్టూ పెడతారు. ఈ బృందాల నుంచి వచ్చే శబ్దంలో ఉండే ఆ వెచ్చదనం చాలామటుకు ఈ దూరాల చలవే.

ఇదే దారిలో, 1998లో వయోమింగ్‌లో హత్యకు గురైన గే విద్యార్థి మాథ్యూ షెపర్డ్ మీద క్రెయిగ్ హెల్లా జాన్సన్ రాసిన రచనను 2016లో ఆస్టిన్‌లో కాన్‌స్పిరారే బృందం పాడింది. నిడివి గంటన్నర దాటుతుంది. కొన్ని చోట్ల తీపి ఎక్కువైన మాట నిజం. అయినా ఆ అబ్బాయిని కట్టేసిన కంచెకే గొంతు ఇవ్వడం, ఒకచోట హంతకుల్ని ఉద్దేశించి ‘నేనూ నీలాంటివాణ్నేనా’ అని క్వయర్ చేత అడిగించడం మామూలు సంతాప సంగీతం చేసే పని కాదు. మనవాళ్ల లెక్కలోకి వాళ్లనూ లాగడంతో శ్రోతకు కుర్చీలో ఇబ్బంది మొదలవుతుంది.

రికార్డు కాగితాలే సాహిత్యం

గత పదిహేను, ఇరవై ఏళ్లుగా స్వరకర్తలు కవితల్ని పక్కనపెట్టి ఫైళ్లు తెరుస్తున్నారు. 2015లో పులిట్జర్ బహుమతి అందుకున్న ‘యాంత్రసైట్ ఫీల్డ్స్’లో వూల్ఫ్ పెన్సిల్వేనియా బొగ్గు గనుల ప్రమాదాల జాబితా, 1869 నుంచి 1916 దాకా ఉన్నది, ముందేసుకుంది. మొత్తం పాడించడం అసాధ్యం. అందుకని జాన్ అన్న పేరుండి, ఇంటిపేరు ఒక్క అక్షరపు పలుకుతో ఉన్నవాళ్లనే ఏరి, అకారాది క్రమంలో పాడించింది. జాన్ తర్వాత జాన్, ఇంకో జాన్. సుత్తి దెబ్బల్లా పడే ఆ పేర్ల తర్వాత, రకరకాల వలస కుటుంబాల పొడవాటి ఇంటిపేర్లు మొదలయ్యేసరికి గనిలో ఎవరెవరున్నారో తెలుస్తుంది. ఆ మాట ఎవరూ చెప్పరు.

పేర్లు పాడించడానికి ఓపిక కావాలి. 146 పేర్లకు పేరుకు రెండు సెకన్లు అనుకున్నా దాదాపు ఐదు నిమిషాలు. మధ్యలో శ్రద్ధ సడలితే పేరు చివరి హల్లు మింగేస్తారు, అప్పుడు ఒక మనిషి ఇంకో మనిషి అయిపోతాడు. ఊనిక ఏ అక్షరం మీదో ఆ భాష తెలిసినవాళ్ల చేత పలికించి రికార్డు చేసుకోవాలి. పేరుకు ఒక గాయకుణ్ని బాధ్యుడిగా పెట్టడం కొన్ని బృందాలు పాటించే పద్ధతి. ఆ పేరు తప్పితే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

జోయెల్ థాంప్సన్ ‘సెవెన్ లాస్ట్ వర్డ్స్ ఆఫ్ ది అన్‌ఆర్మ్‌డ్’ని 2015 నవంబర్‌లో మిషిగన్ యూనివర్సిటీ మెన్స్ గ్లీ క్లబ్, యూజీన్ రోజర్స్ నడపగా, తొలిసారి పాడింది. పోలీసుల చేతుల్లో, లేదా అధికారం తమదే అనుకున్నవాళ్ల చేతుల్లో చనిపోయిన ఏడుగురు నిరాయుధ నల్లజాతి మగవాళ్ల చివరి మాటలు ఇందులో ఏడు భాగాలు. శిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటలకు హైడన్ కట్టిన సంగీతం దీనికి చట్రం. ‘ఆయుధం పట్టినవాడు’ అన్న పాత ఫ్రెంచ్ వరస కూడా లోపల మెదులుతూ ఉంటుంది. ట్రేవాన్ మార్టిన్ భాగాన్ని థాంప్సన్ ఫ్యూగ్‌గా రాశాడు. ఒక వరస ఎత్తుకున్నదాన్నే ఇంకో వరస వెంటాడుతూ వచ్చే నిర్మాణం అది. నన్నెందుకు వెంబడిస్తున్నావని అడిగిన కుర్రవాడి మాటకు అంతకంటే సరైన రూపం దొరకదు. చివరిది ఎరిక్ గార్నర్ మాట, ఊపిరాడటం లేదని.

ఇక్కడే ‘నేను’ బరువెక్కుతుంది. నలభైమంది, అందులో అధికభాగం తెల్ల కుర్రాళ్లు, ఒక నల్లజాతి మనిషి ఆఖరి మాటను ‘నేను’ అని పలకొచ్చా? కూడదనేవాళ్లున్నారు. కూడదనుకుంటే ఆ మాట మళ్లీ ఆ ఒక్కడి మీదే మిగిలిపోతుంది. అంతకంటే పాడటమే మేలు, కానీ పని ముందు మొదలవ్వాలి. ఆ ఏడుగురి గురించి స్వరం పట్టుకోకముందే చదివి మాట్లాడుకోవాలి. వద్దనుకున్న గాయకుణ్ని కారణం అడక్కుండా వదిలేయాలి, బృందంలోని నల్లజాతి సభ్యుల్ని మీరు చెప్పండని ముందుకు తోయకూడదు. గొంతు విషయం కూడా ఉంది. దుఃఖం వస్తే స్వరపేటిక పైకి లేస్తుంది, ఊపిరి పైపైనే ఆగిపోతుంది, శ్రుతి దిగుతుంది. ఏడుపు రిహార్సల్లో అయిపోవాలి. దీర్ఘస్వరాల మీద అందరూ ఒకేసారి ఊపిరి తీయకుండా ఎవరు ఎక్కడ తీయాలో గుర్తుపెట్టి పంచాలి. చప్పట్లు వద్దని కరపత్రంలో ముందే రాయాలి, లేకపోతే ఎవరో ఒకరు మొదలుపెడతారు.

కరోలైన్ షా ‘టు ద హ్యాండ్స్’ 2016లో ఫిలడెల్ఫియా బృందం ద క్రాసింగ్ కోసం రాసింది. స్వాతంత్ర్య దేవత విగ్రహం మీద ఎమ్మా లాజరస్ రాసిన సానెట్‌ని అందులో తిరగరాసి, ఆశ్రయం ఇచ్చే గొంతును ‘నేను’ దగ్గర మొదలుపెట్టి ‘మేము’ దగ్గరికి తెస్తుంది. తర్వాతి భాగాల్లో ఒకచోట సొంత దేశంలోనే నిరాశ్రయులైనవాళ్ల అంకెల్ని, దేశాల వారీగా, బృందం మంత్రంలా పలుకుతుంది. స్వరం కంటే గుసగుసకు దగ్గరగా ఉండే ఆ చోట అంకెలు కలగాపులగమైతే భాగం మొత్తం పోతుంది. లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని కేవలం చదివి ప్రాక్టీస్ చేయడం తప్ప దారి లేదు. 2009లో మెయిన్ రాష్ట్ర చట్టసభ కమిటీ ముందు, స్వలింగ వివాహాలకు మద్దతుగా 86 ఏళ్ల మాజీ సైనికుడు ఇచ్చిన వాంగ్మూలంలోని మాటల్ని మెలిసా డన్ఫీ స్వరపరిచింది. టెడ్ హెర్న్ ‘సౌండ్ ఫ్రమ్ ద బెంచ్’లో కంపెనీలకూ మనుషుల హక్కులుంటాయా అన్న సుప్రీంకోర్టు వాదనలు ఎలక్ట్రిక్ గిటార్ల మధ్య నలిగిపోతాయి. ఇలాంటి కాగితాల మీద మోజుకు ఒక లౌకిక కారణమూ ఉంది. ఫెడరల్ ప్రభుత్వ పత్రాలకు, కోర్టు తీర్పులకు కాపీరైట్ ఉండదు. బతికున్న కవి మాటకైతే అనుమతి అడగాలి, రుసుం కట్టాలి.

ఇంకొకరి గొంతు

2013లో పులిట్జర్ అందుకున్న షా ‘పార్టిటా ఫర్ 8 వాయిసెస్’లో, రూమ్‌ఫుల్ ఆఫ్ టీత్ అనే ఎనిమిదిమంది బృందం సైబీరియాలోని తువా, కొరియా, ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ఆదివాసుల వంటి అనేక గాన పద్ధతులు గురువుల దగ్గర నేర్చుకుని వాడింది. కూరాంట్ అన్న భాగంలో కటజ్జాక్ ఉంది. ఇద్దరు ఇన్యూట్ స్త్రీలు ఎదురెదురుగా నిలబడి, ఊపిరి పీలుస్తూ వదులుతూ, ముందు ఎవరు నవ్వేస్తారో చూసే ఆట అది. మిషనరీలు దాన్ని చాలాకాలం నొక్కేశారు. 2019లో ఇన్యూట్ గాయని తాన్యా టగాక్ ఈ వాడకాన్ని బహిరంగంగా ప్రశ్నించింది. బృందం బదులిస్తూ ప్రకటన ఇచ్చింది. నేర్పిన గురువులకు డబ్బు ఇచ్చారు కదా అన్నది ఒక జవాబు. అది చాలదు. పాఠానికి రుసుం వేరు, ఆ పాఠం అచ్చైన స్కోరుగా అమ్ముడుపోతున్నప్పుడు పేరు, వాటా వేరు. ఇది ముందు రాసుకోవాల్సిన ఒప్పందం, బహుమతి వచ్చాక కాదు.

తమ గొంతు తామే తెచ్చుకున్న రచనలకు ఈ బెడద తక్కువ. 1910 నుంచి 1940 దాకా శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలోని ఏంజెల్ ఐలండ్‌లో చైనా వలసదారుల్ని వారాలు, నెలల తరబడి ఆపేసేవారు. మన పంజాబీలనూ ఆపారు. చెక్క గోడల మీద చైనావాళ్లు చెక్కిన పద్యాల్ని హువాంగ్ రువో 2021లో ఒరాటోరియోగా, అంటే నాటకం ఆడకుండా పాడే పెద్ద కోరస్ రచనగా, మలిచాడు. అమెరికాలో పుట్టిపెరిగిన భారత సంతతి స్వరకర్త రీనా ఇస్మాయిల్ 2016లో రాసిన ‘దిస్ లవ్ బిట్వీన్ అస్’లో భారతదేశపు ఏడు మతసంప్రదాయాల మాటలు బరోక్ ఆర్కెస్ట్రా, సితార్, తబలాలతో కలిసి నడుస్తాయి. ఆమెదే ‘తరెకిట’, లాస్ ఏంజెలెస్ స్కిడ్ రోలో ఇళ్లు లేనివాళ్లతో నడిచే అర్బన్ వాయిసెస్ ప్రాజెక్ట్ కోసం రాసింది, రెండు నిమిషాలుంటుంది. ఇప్పుడు అమెరికా హైస్కూళ్లలో మోగిపోతోంది.

ఆ రెండు నిమిషాల్లో తప్పేది ఎక్కువగా ‘త’ దగ్గర. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ల నాలుక పళ్ల వెనక చిగురుకు తగులుతుంది, పైగా గాలి చిమ్ముతుంది. వాళ్ల నోట త, ట ఒకటే. మొదటి ‘త’కు నాలుక కొస పై పళ్లకు ఆనాలి, చివరి ‘ట’కు వెనక్కి మడవాలి. ‘రె’ ఒక్క తాకుడే. అమెరికన్ క్వయర్ శిక్షణంతా అచ్చుల్ని సాగదీయడం మీద ఉంటుంది, ఇక్కడ అచ్చు పొట్టిగా ఉండి హల్లే కాలం కొలుస్తుంది. నిమిషానికి 60 దెబ్బల వేగంలో శ్రుతి లేకుండా పలికించి, నాలుగేసి దెబ్బలు పెంచుకుంటూ పోతే నిలుస్తుంది. వరసలో తెలుగింటి పిల్ల ఒకరుంటే ఆ పూట టీచర్ ఆవిడే. టెక్సస్, న్యూజెర్సీ బడుల్లో ఇది అరుదేం కాదు.

వరసల పేర్లు కూడా మారుతున్నాయి. మెన్స్ క్వయర్, ఉమెన్స్ క్వయర్ అన్నవి చాలాచోట్ల టెనర్-బాస్, ట్రెబుల్ (పై గొంతులు) అయ్యాయి. టక్సీడో, గౌను పోయి అందరికీ నలుపు వచ్చింది. ట్రాన్స్‌జెండర్ గాయకుల విషయంలో టెస్టోస్టిరాన్ తీసుకుంటే గొంతు కొన్ని నెలల్లో దిగుతుంది, ఈస్ట్రోజన్ మాత్రం గొంతును పైకి లేపదు. నెలనెలా సుఖంగా పలికే కింది, పై స్వరాలు రాసుకుని, ఆ ప్రకారం వరస మార్చాలి. ఆల్టోలో ఉన్నవారు రెండో టెనర్‌కు రావడానికి ఏడాది పట్టొచ్చు.

డబ్బెవరికి

అచ్చైన క్వయర్ పాట కాపీ రెండు, మూడు డాలర్లుంటుంది. ఎంతమంది పాడితే అన్ని కాపీలు కొనాలి, జిరాక్స్ తీయడం చట్టవిరుద్ధం. అమ్మకంలో స్వరకర్తకు లేదా అరేంజర్‌కు సాధారణంగా 10 శాతం వస్తుంది. స్పిరిచ్యువల్స్ దగ్గరికి వచ్చేసరికి ఆ 10 శాతం అరేంజర్‌ది, మిగతాది పబ్లిషర్, దుకాణాలది. పాట పుట్టించినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు, కాబట్టి వాళ్లకు వాటా లేదు. మసాచుసెట్స్ రాష్ట్రం బ్రూక్‌లైన్‌లో ఎక్కువమంది తెల్లవాళ్లుండే యునైటెడ్ పారిష్ చర్చి 2021లో దీనికొక పద్ధతి పెట్టుకుంది. ఆరాధనలో స్పిరిచ్యువల్ పాడిన ప్రతిసారీ దాని కోసం విడిగా కానుక పడతారు. రాని రాయల్టీ కింద లెక్కవేసి, బోస్టన్ రాక్స్‌బరీలో నల్లజాతి పిల్లలకు సంగీతం నేర్పే హామిల్టన్-గారెట్ స్కూలుకు ఆ డబ్బు పంపుతారు. ఇతర చర్చిలు కొన్ని ఇదే పద్ధతి అందుకున్నాయి. ఈ పాటల్ని కాలేజీ క్వయర్లు కూడా కొంటాయి, పాడతాయి. కార్యక్రమ పత్రంలో ఒక గీత, టికెట్ బల్ల మీద ఒక డబ్బా పెట్టడం వాటికీ పెద్ద పనేమీ కాదు.